ఏలేశ్వరపు ఇంటిపేరు: ఏ ఏలేశ్వరం నుంచి వచ్చింది, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

(చర్చలో అంకె పక్కన ఉన్నది ఆ మాట రాసినవారి మారుపేరు.)

1. దస్త్రం

ఏలేశ్వరపు అనే ఇంటిపేరు మీద రెండు ప్రశ్నలు. ఇది ఏ ఊరి పేరు? నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిన నల్గొండ జిల్లా ఏలేశ్వరమా, కాకినాడ జిల్లాలో ఏలేరు జలాశయం దగ్గరున్న ఏలేశ్వరమా? రెండోది, ఈ ఇంటిపేరువాళ్ళు ఇవాళ ఎంతమంది ఉంటారు, ఎక్కడెక్కడ ఉంటారు?

"శ్రీశైలం దగ్గరనుంచి వచ్చారట" అనే మాట చాలాచోట్ల ఉంది. ఆ "అట" వెనక ఏ కాగితం ఉందో, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి. బతికున్నవాళ్ళ పేర్లు, డోర్ నంబర్లు, ఓటరు కార్డు నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

2. పుంప్వాదేశం

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఏలేశ్వరము అన్న ఊరి పేరు చివరి "ము" పోయి "పు" వచ్చింది. బడిలో చదువుకున్న పుంప్వాదేశ సంధే: సరసము, మాట కలిస్తే సరసపుమాట అయినట్టు. బాలాంత్రం నుంచి బాలాంత్రపు వచ్చిందీ ఈ దారినే. కాబట్టి ఇది ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేరు అనడంలో సందేహం అక్కర్లేదు.

మిగతా ఊళ్ళ పేర్లు వేరేగా మారతాయి. ఊరుతో ముగిస్తే ఊరి (దువ్వూరు, దువ్వూరి), పాడుతో ముగిస్తే పాటి (గొట్టిపాడు, గొట్టిపాటి), నాడు అయితే నాటి, ఏరు అయితే ఏటి. పల్లి, పూడి, కోట, కొండ లాంటివి మారవు. అరుదైన ఇంటిపేరు దొరికితే ముందు ఈ మార్పును వెనక్కి తిప్పి ఊరి అసలు రూపం రాసుకోండి. "పాటి" రూపంతోనే పటంలో వెతికి "ఆ ఊరే లేదు" అనేసేవాళ్ళు చాలామంది.

ఇంకొకటి. పదం మొదట్లో ఏ ఉంటే మనం యే అనే పలుకుతాం. పాత రాతల్లో "యేలేశ్వరపు" అనీ ఉంటుంది. ఈ మధ్య సర్టిఫికెట్లలో "పు" తీసేసి ఉత్త "ఏలేశ్వరం" అని రాసుకున్నవాళ్ళూ ఉంటారు. కాబట్టి ఏ, యే, ఎ మూడింటి కిందా వెతకాలి. చివర పు ఉన్నదీ లేనిదీ రెండూ చూడాలి.

3. పటాల పెట్టె

రెండు ఊళ్ళ సంగతి.

కృష్ణ ఉత్తరపు ఒడ్డున ఉన్నది పాత క్షేత్రం. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం మహాద్వారాలు కదా. ఉపద్వారాల్లో ఈశాన్యానిది ఏలేశ్వరం. సాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ మధ్యకాలంలోనే అక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఆ తరవాత ఊరు నీళ్ళ కిందికి పోయింది.

దీనివల్ల వచ్చే చిక్కు: ఇప్పటి గ్రామాల జాబితాలు, ఫోన్లో చూసే మ్యాపులు మాత్రమే చూస్తే ఏలేశ్వరం అనగానే కాకినాడ వైపుదే ముందుకు వస్తుంది. మునిగిన ఊరు కళ్ళబడదు. "ఉన్నది ఒక్కటే ఏలేశ్వరం, కాబట్టి అక్కడివాళ్ళే" అని రాసేస్తారు. 1951 జనగణన గ్రామాల జాబితా, డ్యాముకు ముందు సర్వే చేసిన టోపోషీట్లు (ఊళ్ళు, వాగులు, గుట్టలు చూపే సర్వే పటాలు) దగ్గర పెట్టుకోకుండా ఈ ఇంటిపేరు జోలికి వెళ్ళకూడదు.

4. గౌతమి

గోదావరి వైపు ఏలేశ్వరాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. అదీ పేరున్న ఊరే, మండల కేంద్రం కూడా. కాగితాలు వెతికేవాళ్ళకు ఒక హెచ్చరిక: ఆ ఊరు 2022 ఏప్రిల్ 4 దాకా తూర్పు గోదావరి జిల్లా. 1925కి ముందు ఉత్త గోదావరి జిల్లా. 1859కి ముందు రాజమండ్రి జిల్లా. ఏ యేటి కాగితమో దాన్నిబట్టి జిల్లా పేరు మార్చి అడగాలి. "కాకినాడ జిల్లా, 1862" అని దరఖాస్తు పెడితే "రికార్డు లేదు" అన్న జవాబే వస్తుంది.

అసెంబ్లీ నియోజకవర్గం ప్రత్తిపాడు. గుంటూరు జిల్లాలో ఇంకో ప్రత్తిపాడు ఉంది. ఓటర్ల జాబితా దించుకునేటప్పుడు జిల్లా చూసుకోండి.

5. శాసనాల సంచి

పటాల పెట్టె, గౌతమి ఇద్దరూ ఊరి దగ్గరే ఆగిపోయారు. ఊరిపేరు ఇంటిపేరు ఎప్పుడవుతుంది? ఆ ఊరు వదిలినప్పుడు. ఏలేశ్వరంలో ఉన్నవాణ్ణి ఏలేశ్వరపువాడు అని ఎవరూ పిలవరు, అక్కడ అందరూ ఏలేశ్వరంవాళ్ళే. ఇంకో ఊళ్ళో దిగాక ఆ ఊరివాళ్ళు పెట్టే గుర్తు అది. కాకతీయుల కాలం సామంతుల పేర్లు చూడండి: రేచర్ల, మల్యాల, విరియాల, చెరకు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది. అంటే మనిషి పేరుకు ముందు ఇంటిపేరు పెట్టే అలవాటు అప్పటికే గట్టిపడింది.

అందుకే వెతకాల్సింది ఏలేశ్వరంలో కాదు, దాని చుట్టూ. ఒకటి రెండు రోజుల నడకలో ఉన్న ఊళ్ళు, అగ్రహారాలు తీసుకోండి. పాత కాగితాల్లో ఏలేశ్వరపువాళ్ళు కృష్ణకు రెండు వైపులా, అంటే దేవరకొండ, పల్నాడు, వినుకొండ వైపు ముందుగా కనబడితే ఒక అర్థం. పెద్దాపురం, పిఠాపురం, తుని వైపు ముందుగా కనబడితే ఇంకో అర్థం. ఇవాళ ఎక్కడ ఎక్కువమంది ఉన్నారన్నది దీనికి సాక్ష్యం కాదు. చదువులు, ఉద్యోగాలు జనాన్ని హైదరాబాద్, విశాఖ, బెంగళూరు తీసుకుపోయాయి. 1900కి ముందరి చిరునామాలే లెక్కలోకి తీసుకోవాలి.

6. ప్రవర

శాసనాల సంచి గారి మాటకు ఒక చేర్పు. ఇంటిపేరు ఊరిని చెబుతుంది, రక్తాన్ని చెప్పదు. ఒకే ఊరినుంచి వేరువేరు కాలాల్లో, వేరువేరు కులాలవాళ్ళు బయటికి వస్తే అందరికీ ఒకే ఇంటిపేరు పడుతుంది. ఒకే కులంలో కూడా రెండు గోత్రాలు కనబడితే అవి రెండు కుటుంబాలే. కాబట్టి "ఏలేశ్వరపువారి మూలపురుషుడు" అని ఒకణ్ణి వెతకడం మొదట్లోనే తప్పు.

ప్రతి కుటుంబం దగ్గరా అడగాల్సినవి ఇవి: ఇంటిపేరు పెద్దలు ఎలా రాసేవారు, కులం, శాఖ, గోత్రం, ప్రవరలో ఎంతమంది ఋషులు, సూత్రం (ఆపస్తంబం లాంటిది), ఇంటి దైవం, పెద్దలకు తెలిసిన పాత ఊరు, ఇల్లరికం గానీ దత్తత గానీ జరిగిందా. చివరిది సిగ్గుపడకుండా అడగాలి. దత్తు పోయినవాడికి ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. ఇల్లరికం వచ్చిన అల్లుడి పిల్లలు కొన్నిచోట్ల అమ్మ ఇంటిపేరు నిలుపుకుంటారు. వంశవృక్షంలో అర్థం కాని ముడి ఉంటే నూటికి తొంభైపాళ్ళు అక్కడే.

బ్రాహ్మణ కుటుంబాలైతే శాఖ కొంత దారి చూపుతుంది. తెలగాణ్యులు, ములకనాటివారు అంటే చూపు కృష్ణ ఎగువకు పోతుంది. వేగినాటి, కాసలనాటి అంటే కోస్తాకు. కానీ ఇది మొగ్గు మాత్రమే, రుజువు కాదు. తెలగాణ్యులు గోదావరి జిల్లాల్లోనూ బాగా ఉన్నారు.

ఏలేశ్వరోపాధ్యాయుల కథ ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెబుతున్నాను. కృష్ణ ఒడ్డు ఏలేశ్వరంలో ఉన్న ఆ పండితుడే వైదికుల్లో నాడుల వారీ శాఖలు విడదీశాడని చెప్పుకుంటారు. అది శాఖల గురించిన ఐతిహ్యం. ఏలేశ్వరపు ఇంటిపేరువాళ్ళందరూ ఆయన సంతతి అనడానికి ఆ కథలోనే ఆధారం లేదు.

7. దస్త్రం

బాగుంది. అయితే 1900కి ముందు కాగితం అంటే ఏది? రెండు వైపులా పాలన వేరు కదా.

8. ముంతఖాబ్

అదే అసలు చిక్కు. కృష్ణ ఉత్తరపు ఒడ్డు నిజాం రాజ్యం, దక్షిణపు ఒడ్డు, గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకవైపున్న రికార్డు పేరు ఇంకోవైపు పనికిరాదు.

మద్రాసు వైపు మొదట చూడాల్సింది ఇనాం (పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన మాన్యం భూమి) ఫెయిర్ రిజిస్టర్. ఇనాం కమిషన్ 1858లో మొదలైంది, 1860లలో ఊరూరా విచారణ చేసి టైటిల్ డీడ్లు ఇచ్చింది. అందులో ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, విచారణనాటికి ఎవరి చేతిలో ఉంది, అతని వయసు, మొదటి గ్రహీతకు ఏమవుతాడు, ఇవన్నీ ఉంటాయి. అంటే ఒక్క వరుసలో మూడు నాలుగు తరాలు దొరకవచ్చు. దరఖాస్తులో ఊరు, పాత తాలూకా, తెలిస్తే టి.డి. (టైటిల్ డీడ్) నంబరు రాయండి. టి.డి. నంబరు తెలియకపోతే రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, అదే డైగ్లాట్ అంటారు, దాంట్లో ఇనాం భూమి ఎదురుగా ఉంటుంది. ముందు డైగ్లాట్ నకలు, దాన్ని పట్టుకుని ఇనాం రిజిస్టరు నకలు. ఈ వరుస తప్పితే ఆఫీసుల చుట్టూ తిరగడమే.

నిజాం వైపు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అన్న పేరుతో అడిగితే దొరకదు. అక్కడ సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), ఇనాములకైతే ముంతఖాబ్ (ఇనాం విచారణ తీర్పు పత్రం). తరవాత 1954-55 ఖాస్రా పహాణీ, ఆ వెంటనే చేసలా పహాణీ (పహాణీ అంటే ఏ భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు). పాతవి ఉర్దూలో ఉంటాయి. ఉర్దూలో ఇంటిపేరు చదవడంలో జరిగే తప్పులు రెండు. మొదటి అక్షరం ఏ, ఐ, ఈ ఏదైనా కావచ్చు, కాబట్టి తెలుగులోకి ఎత్తి రాసినవాళ్ళు "ఐలేశ్వర", "ఈలేశ్వర" అని రాస్తారు. రెండోది, ఉర్దూ "పే" కింద మూడు చుక్కలు, "బే" కింద ఒకటే. చుక్కలు చెరిగితే ఏలేశ్వరపు కాస్తా ఏలేశ్వరబు అవుతుంది. అనువాదం నకలుతో సరిపెట్టుకోకుండా అసలు పుట ఫోటో అడగండి.

ఫస్లీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు ఫస్లీ జులైలో మొదలవుతుంది, హైదరాబాద్ ఫస్లీ అక్టోబరులో. కాబట్టి డిసెంబరు దాకా ఉన్న మొదటి నెలలకు 590, మిగతాదానికి 591.

9. పటాల పెట్టె

సాగర్ కింద పోయిన ఊళ్ళకు భూసేకరణ అవార్డులు (పరిహారం తేల్చిన ఉత్తర్వులు) కూడా ఉంటాయి కదా. పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పరిహారం అన్నీ ఉంటాయి.

10. శాసనాల సంచి

ఉంటాయి. కానీ పైన చెప్పిన కారణం మర్చిపోవద్దు: ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు ఆ ఊరిపేరు ఇంటిపేరుగా ఉండదు. అవార్డులో ఏలేశ్వరపు కనబడకపోతే దాని అర్థం ఏమీ లేదు. కనబడితే మాత్రం విలువైన సంగతి: బయటికి వెళ్ళిపోయి కూడా ఊళ్ళో ఇనామో మాన్యమో నిలుపుకున్న కుటుంబం అన్నమాట. అలాంటిది ఒక్కటి దొరికినా కృష్ణ వైపు వాదనకు దాన్ని మించిన ఆధారం అక్కర్లేదు. అవార్డులో రైతు చిరునామా వేరే ఊరిదిగా రాసి ఉందేమో చూడండి.

11. లెక్కల గది

ఇక ఎంతమంది అన్నది. మన జనగణన ఇంటిపేర్ల వారీగా అంకెలు బయటపెట్టదు. ఇంటిపేర్ల వెబ్‌సైట్లలో కనిపించే "ప్రపంచంలో ఇంతమంది" అంకెలు అంచనాలు, అరుదైన పేర్లకు అవి అసలు నమ్మదగినవి కావు. చేతిలో ఉన్నది ఓటర్ల జాబితా ఒక్కటే.

ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119 నియోజకవర్గాలు. అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. ప్రత్తిపాడు (కాకినాడ జిల్లా), పిఠాపురం, దేవరకొండ, నాగార్జునసాగర్, మాచర్ల, వినుకొండ, ఈ ఆరుతో మొదలుపెట్టండి. పోలింగ్ కేంద్రానికి ఒక పీడీఎఫ్. పుటకు 30 మంది, మూడు నిలువు వరుసల్లో పదేసి గళ్ళు.

ఈ పీడీఎఫ్‌లలో నేరుగా తెలుగు అక్షరాలు కొట్టి వెతికితే చాలావాటిలో దొరకదు. కొన్ని బొమ్మలు, కొన్నిటిలో ఫాంటు యూనికోడ్ కాదు. అందుకని ఇలా చేయాలి:

పుటను 300 డీపీఐ బొమ్మగా మార్చండి. తక్కువైతే ఒత్తులు కలిసిపోతాయి. బొమ్మను మూడు నిలువు ముక్కలుగా కోయండి. కోయకుండా టెసరాక్ట్‌కి (బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ప్రోగ్రాం) ఇస్తే పక్కపక్కనున్న ముగ్గురి పేర్లు ఒకే లైనులో కలిపేస్తుంది, ఒకరి ఇంటిపేరు ఇంకొకరి పేరుకు అతుక్కుంటుంది. ఒక్కో ముక్కను తెలుగు డేటాతో, పీఎస్ఎం 6 (మొత్తం ముక్కను ఒకే పాఠంగా చదవమనే సెట్టింగు)తో చదివించండి.

వచ్చిన పాఠంలో పూర్తి "ఏలేశ్వరపు" కోసం వెతక్కండి. పు, వు మధ్య తేడా సన్నది కాబట్టి "ఏలేశ్వరవు" అని చాలాసార్లు చదువుతుంది. ఏ కాస్తా ఎ అవుతుంది. పేరు పొడుగైతే గడిలో రెండు లైన్లుగా విరిగి "ఏలేశ్వర" ఒక లైనులో, "పు" కింద లైనులో పడుతుంది. "లేశ్వర" అన్న ముక్కతో వెతికి, వచ్చిన ప్రతిదాన్నీ కంటితో బొమ్మలో సరిచూసుకోండి. నీలేశ్వర, శైలేశ్వర లాంటివి వస్తాయి, తీసేయండి.

పెళ్ళయిన ఆడవాళ్ళ దగ్గర రెండు రకాల పొరపాటు ఉంది. పుట్టింటి ఇంటిపేరుతోనే నమోదై ఉంటే భర్త ఇంటిపేరు వేరు. అత్తింటి పేరుతో ఉంటే పుట్టుక వేరు. "ఈ ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు", "ఈ ఇంట పుట్టినవాళ్ళు" అని రెండు గడులు పెట్టుకుని వేరుగా లెక్కపెట్టండి. జనాభా అంచనాకు మొదటిది, వంశానికి రెండోది.

12. గౌతమి

పొట్టి అక్షరాలతో ఉన్నవాళ్ళ సంగతేంటి? "వై. ఫలానా" అనో "ఈ. ఫలానా" అనో ఉంటే?

13. లెక్కల గది

అవి ఈ పద్ధతికి దొరకవు. అందుకే వచ్చిన అంకెను అంకెగా చెప్పకూడదు. తప్పిపోయినవాళ్ళను అంచనా వేయడానికి చేపల చెరువు లెక్క వాడండి (కొన్ని చేపలకు గుర్తు వేసి వదిలి, మళ్ళీ పట్టినప్పుడు గుర్తున్నవి ఎన్నో చూసి మొత్తం అంచనా వేసే పద్ధతి). తెలుగు జాబితాలో ఒకసారి, అవే కేంద్రాల ఇంగ్లీషు జాబితాలో వేరే మనిషి చేత ఇంకోసారి వెతికించండి. ఊహకు ఇలా అనుకుందాం: తెలుగులో 48 మంది, ఇంగ్లీషులో 40 మంది, రెండింటిలోనూ దొరికినవాళ్ళు 32. అప్పుడు 48ని 40తో గుణించి 32తో భాగిస్తే 60. దొరికినవాళ్ళు మొత్తం 56 (48, 40 కలిపి 32 తీసేస్తే), అంటే నలుగురు రెండుచోట్లా తప్పించుకున్నారు. ఈ అంకెలు లెక్క చూపడానికే, ఏలేశ్వరపువాళ్ళ అంకెలు కావు.

పొట్టి అక్షరాలవాళ్ళు రెండు జాబితాల్లోనూ ఒకేలా తప్పిపోతారు కాబట్టి ఈ 60 కూడా కనీసపు అంకె. "60కి తగ్గరు" అనే రాయాలి.

పిల్లల్ని కలపాలంటే 18 దాటినవాళ్ళ వాటాతో భాగించాలి. ఆ వాటా జనగణన సి-13 పట్టికలో ఒక్కో యేడు వయసు వారీగా ఉంటుంది, మీ రాష్ట్రానిది తీసుకోండి. సి-14లో అయిదేసి యేళ్ళ గుంపులు కాబట్టి 18 దగ్గర కోయడం కుదరదు.

14. అట్లాంటా తెలుగు

విదేశాల సంగతి. అమెరికా జనగణన శాఖ 2010 లెక్కలో 100 మందీ అంతకుమించీ ఉన్న ఇంటిపేర్లు 1,62,253 బయటపెట్టింది. వందకు తగ్గినవి అందులో ఉండవు. మన పేర్లకు ఇంకో గొడవ, ఒకే ఇంటిపేరు నాలుగైదు స్పెల్లింగులుగా విడిపోవడం: మొదట వై పెట్టేవాళ్ళు, ఈ పెట్టేవాళ్ళు, ఎల్ రెండుసార్లు రాసేవాళ్ళు, ఎస్ తరవాత హెచ్ చేర్చేవాళ్ళు, చివర పు వదిలేసేవాళ్ళు. ఒక్కోటి ముప్పై మంది ఉన్నా మొత్తం నూట యాభై అవుతారు, జాబితాలో మాత్రం ఒక్కటీ ఉండదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు వీసాలో అసలు పేరే ఇంటిపేరు స్థానంలోకి వెళుతుంది. తరవాతి తరం పిల్లలకు తాత పేరో తండ్రి పేరో ఇంటిపేరుగా స్థిరపడుతుంది. వాళ్ళు లెక్కలోంచి శాశ్వతంగా జారిపోతారు.

15. రేవు పద్దు

నాటాల్ (దక్షిణాఫ్రికా) వైపు వెతికేవాళ్ళకు ఒక మాట. 1860 నుంచి 1911 దాకా అక్కడికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసు రేవునుంచి ఓడ ఎక్కినవాళ్ళు. ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. మన ఇంటిపేరుకు గడి లేదు. అందుకే అక్కడ "ఏలేశ్వరపు" అని వెతికితే శూన్యం. ఊరి గడిలో ఏలేశ్వరం కోసం చూడాలి, కానీ ఆ వ్యక్తి ఏలేశ్వరపువాడు అని దాన్నిబట్టి అనకూడదు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి. అక్కడా తండ్రి పేరే తరవాత ఇంటిపేరుగా నిలబడిపోయిన సందర్భాలు ఎక్కువ.

16. ప్రవర

కాశీ, గయల్లో తీర్థ పురోహితుల దగ్గరున్న బహీలు ఎవరూ చెప్పలేదు. యాత్రకు వెళ్ళినవాళ్ళు ఊరు, ఇంటిపేరు, గోత్రం, తండ్రి తాతల పేర్లు స్వయంగా రాసి సంతకం పెట్టిన పుస్తకాలవి. వాళ్ళు ఇంటిపేరు చూసి తీయరు, జిల్లా, ఊరు చూసి తీస్తారు. పాత ఊరు తెలియకుండా వెళితే ప్రయోజనం ఉండదు. పాత జిల్లా పేరు కూడా రాసుకుని వెళ్ళండి. ఫోటో తీసుకోనివ్వకపోతే ఎదురుగా కూర్చుని అక్షరం అక్షరం ఎత్తి రాసుకోండి, తిథి, సంవత్సరం పేరుతో సహా. ప్రభవాది సంవత్సరం ఒక్కటే ఉంటే అరవై యేళ్ళకోసారి తిరిగి వస్తుంది కాబట్టి పక్క పుటల్లో శకమో ఇంగ్లీషు యేడో ఉందేమో చూసి నిర్ధారించుకోవాలి.

17. దస్త్రం

అందరికీ నమస్కారాలు. చెప్పినవాటిని బట్టి పట్టిక ఇలా పెడుతున్నాను. ఒక్కో కుటుంబశాఖకు ఒక్కో వరుస: కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా ఇంటిపేరు, సరిదిద్దిన రూపం, కులం, శాఖ, గోత్రం, సూత్రం, 1900కి ముందు తెలిసిన మొదటి ఊరు, ఆ కాగితం రకం, ఫస్లీ, ఇంగ్లీషు సంవత్సరం, దత్తత లేదా ఇల్లరికం. మనుషుల పేర్లకు గడి పెట్టడం లేదు. ఓటర్ల లెక్కకు వేరే పట్టిక, నియోజకవర్గం వారీగా అంకెలే.

ముందు మాచర్ల, వినుకొండ వైపు ఇనాం రిజిస్టర్లతో మొదలుపెడదాం అనుకుంటున్నాను.

18. ముంతఖాబ్

మంచిదే. గోదావరి వైపు కూడా కనీసం అదే సంఖ్యలో ఊళ్ళు తీసుకోండి. ఒకవైపు ఇరవై ఊళ్ళు, ఇంకోవైపు రెండు చూస్తే ఎక్కువ వెతికినచోటే ఎక్కువ కనబడతారు, దాన్ని మూలస్థానం అని పొరబడతాం. వెతికి ఏమీ దొరకని ఊళ్ళను కూడా పట్టికలో సున్నా వేసి రాయండి.

19. పుంప్వాదేశం

"సరిదిద్దిన రూపం" గడిలో ఏలేశ్వరం అని ఉన్నవాళ్ళను ఏలేశ్వరపు కిందికి వెంటనే కలిపేయకండి. ఈమధ్యనే పు వదిలేసినవాళ్ళు కొందరు కావచ్చు, మొదటినుంచీ అలాగే రాసుకున్న వేరే కుటుంబం కావచ్చు. తాత తరం కాగితంలో పు ఉంటేనే కలపండి, లేకపోతే విడిగా ఉంచండి.